నాలుగోసారి గింజ ఇరుక్కున్నప్పుడు

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, యార్డులో అందరూ బొంగరం అనే పిలిచేవారు. కుర్చీలో కూర్చున్నా ఒక కాలు ఊగుతూనే ఉంటుంది. నిలబడితే బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుతూనే ఉంటుంది. పెళ్లి ఫోటోలో అందరి మొహాలూ స్పష్టంగా ఉంటే అతని మొహం ఒక్కటే కాస్త చెదిరి ఉంటుంది. "ఈయనగారికి ఆ ఒక్క క్షణం కూడా ఓపిక లేకపోయింది" అని అతని భార్య ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ ఫోటో చూపించి నవ్వేది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఎర్రదీపం దగ్గర ఆగడం ఆవిడకి రోజూ ఉన్న పనే.

ఆ యార్డులో పెద్ద పెద్ద ఇనుప పైపులు తయారవుతాయి. రెండు పైపుల అంచులు కలిపి వెల్డింగ్ చేశాక, ఆ అతుకు లోపల ఎక్కడైనా బుడగ మిగిలిందో, వెంట్రుకంత పగులుందో కంటికి కనిపించదు. ఆసుపత్రిలో మనిషికి ఎక్స్‌రే తీసినట్టు ఆ అతుక్కి ఫోటో తీయడం బొంగరం పని. దానికొక బరువైన పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలో, తీగ చివర బిగించిన చిన్న లోహపు ముక్క ఉంటుంది. పనివాళ్లు దాన్ని గింజ అంటారు, మిరియపు గింజంత కూడా ఉండదు గనక. పెట్టెలో ఉన్నంతసేపూ అది సాధుజంతువే. బయటికొస్తే మాత్రం ఇనుములోంచి కూడా దూసుకుపోయే కిరణాలు చిమ్ముతుంది. దూరంగా నిలబడి హ్యాండిల్ తిప్పితే ఆ గింజ పొడుగాటి ట్యూబు గుండా పాక్కుంటూ అతుకు దగ్గరికి వెళ్తుంది. అవతలి వైపు ఫిల్ము మీద బొమ్మ పడుతుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే బుద్ధిగా పెట్టెలోకి వచ్చేస్తుంది.

ఎప్పుడో ఒకసారి రాదు. ట్యూబు మీద ఏదైనా బరువు పడి నొక్కుకుపోతే, గింజ బయటే ఇరుక్కుపోతుంది. అప్పుడే అందరికీ బొంగరం గుర్తొచ్చేవాడు.

ఆ పనిలో ఒక మాటుంది: చప్పున వెళ్లి చప్పున వచ్చేవాడికి తక్కువ తగులుతుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట పట్టుకుని మేనేజరు ప్రతిసారీ అతని వంకే చూసేవాడు. "ఏమయ్యా బొంగరం, నీకంటే జోరుగా వెళ్లొచ్చేవాడు మన దగ్గర ఎవడున్నాడు చెప్పు?" అనేవాడు. పొగడ్తకి పొంగనివాడెవడు? మొదటిసారి ట్యూబు మీద బిగింపు పట్టీ పడింది. బొంగరం పరుగున వెళ్లి, పట్టీని పక్కకి తోసి, అణిగిన చోట సుత్తితో రెండు దెబ్బలు వేసి, ఊపిరి బిగబట్టినవాడు బిగబట్టినట్టే తిరిగొచ్చాడు. దూరాన హ్యాండిల్ దగ్గర నిలబడ్డ అతని జోడీ గింజని వెనక్కి లాగేశాడు. ఆ జోడీ పేరు గోడ. మనిషి గోడంత ఉంటాడు, గోడంత మాట్లాడతాడు. పదేళ్ల పైగా ఇద్దరూ కలిసి పనిచేశారు. మాటలన్నీ బొంగరానివి, తల ఊపడాలన్నీ గోడవి.

తర్వాత రక్తపరీక్ష చేశారు. తెల్లకణాలు తగ్గాయన్నారు. కొన్ని వారాలకి వాటంతట అవే పెరిగాయి. "రక్తం మామూలే" అన్నారు. మళ్లీ పనిలోకి వెళ్లాడు. అదే ఏడాది రెండోసారి ఇరుక్కుంది. మళ్లీ అతనే. మళ్లీ తగ్గాయి, మళ్లీ పెరిగాయి, కాస్త ఆలస్యంగా. మళ్లీ మామూలే అన్నారు. మూడోసారి గింజ చలికాలంలో ఇరుక్కుంది. చేతులు కొంకర్లు పోయి సుత్తి జారింది. వంగి వెతుక్కుని, తీసి, మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు స్నానం చేసి వస్తుంటే భార్య అతని వీపు చూసి, "ఎవరితో కొట్లాడావు?" అంది.

"ఎవరితోనూ లేదే."

"మరి ఈ మచ్చలేంటి? నేరేడు పండ్ల మీద పడుకున్నట్టుంది."

అద్దంలో చూసుకున్నాడు. నడుం మీద, మోచేతుల దగ్గర నీలం మచ్చలు. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం వస్తోందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పాడు.

* * *

పెద్దాసుపత్రిలో రక్తరోగాల డాక్టరు నడివయసు మనిషి. ఆవిడ నెమ్మదిగా మాట్లాడుతుంది, అడిగింది రెండోసారి అడగదు. అతన్ని పక్కకి పడుకోబెట్టి, తుంటి ఎముకలోకి సూది దింపి లోపలి మూలుగ తీయాలంది.

"కదలకండి."

"కదలట్లేదండీ."

"మీ కాలు కదులుతోంది."

"అది నా మాట వినదండీ."

డాక్టరు నర్సుకి సైగ చేసింది. నర్సు ఆ కాలి మీద తన బరువంతా మోపి పట్టుకుంది. ఎముకలోంచి మూలుగ లాగుతున్నప్పుడు, ఒళ్లంతా ఎవరో లోపలినుంచి తాడు పట్టి గుంజినట్టు అనిపించింది అతనికి. నొప్పి కన్నా, పారిపోలేకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఫలితం వచ్చాక భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది డాక్టరు. "మూలుగలో మూల కణాలుంటాయి. రక్తానికి అవే తల్లులు. వాటిలో చాలావరకు మామూలు రోజుల్లో నిద్రపోతూ ఉంటాయి. ఆ నిద్రే వాటిని కాపాడేది. కిరణాలు తగిలి రక్తం తగ్గిపోతే లేస్తాయి, పిల్లల్ని కంటాయి, లోటు పూడ్చి మళ్లీ పడుకుంటాయి. మొదటిసారి మీకు జరిగింది అదే. రెండోసారి సరిగ్గా పడుకోకముందే లేపేశారు. మూడోసారికి లేవడానికి ఎన్నో మిగల్లేదు. మిగిలినవి కూడా అలిసిపోయి ఉన్నాయి."

"మరి అప్పుడు పరీక్షలో అంతా మామూలే అన్నారు కదండీ?" అంది భార్య. గొంతులో కోపం దాచుకోలేదు.

"రక్తం మామూలేనమ్మా. వాళ్లు చూసింది పంటని. విత్తనాల గాదెలో చెయ్యి పెట్టి ఎవరూ చూడలేదు. విత్తనాలకని దాచిన గింజలు వండుకు తింటే ఆ పూటకి కడుపు నిండుతుంది. ఇంట్లో ఎవరికీ తేడా తెలీదు. తెలిసేది విత్తేటప్పుడే."

బొంగరం కుర్చీ అంచుకి జరిగాడు. "ఇప్పుడేం చెయ్యాలి? చెప్పండి, ఏదైనా చేస్తాను."

"ఏమీ చెయ్యకూడదు. తెల్లకణాలకి ఇంజెక్షన్లిస్తాం. రక్తం గడ్డకట్టే కణాలు బాగా పడిపోతే బయటినుంచి ఎక్కిస్తాం. అసలు పని మాత్రం ఆ మిగిలిన తల్లులే చెయ్యాలి. వాటిని ఇంకెవరూ కదపకుండా మీరు ఇంట్లో ఉండాలి. జనంలోకి వెళ్లకండి. కోసుకోకండి, పడకండి. కిరణాల దరిదాపుల్లోకి వెళ్లకండి, ఇంక ఎప్పటికీ."

"ఎన్నాళ్లు?"

"తెలీదు."

ఆ ఒక్కమాట అతనికి సూది కన్నా గట్టిగా గుచ్చుకుంది. ఆ మిగిలినవి లేవకపోతే వేరేవాళ్ల మూలుగ ఎక్కించాల్సి వస్తుందని కూడా చెప్పిందావిడ. తోడబుట్టినవాళ్లది సరిపోవచ్చట.

తోడబుట్టింది ఒక్క అక్కే. ఆవిడ వేరే ఊళ్లో ఉంటుంది. సంగతి తెలిసిన రోజే వెళ్లి పరీక్షకి రక్తం ఇచ్చొచ్చి, సరిపోయిందని తెలియగానే ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, చిన్నప్పుడు నా సైకిలు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. చూడు, ఇప్పుడు ఎముకలో గుజ్జు అడుగుతున్నావు."

"నీ మూలుగ ఎక్కిస్తే నీ కోపం కూడా వచ్చేస్తుందేమో అక్కా."

"రానీ. నీకు కాస్త ఉండాల్సిందే. ఎవడు పొమ్మంటే అక్కడికి పోయావు, మూడుసార్లు." ఆ మాట అన్నాక ముక్కు ఎగబీల్చి ఫోన్ పెట్టేసింది.

* * *

ఇంట్లో అతనికి కాపలా ఎవరంటే మామగారు. భార్య పొద్దున్నే డిపోకి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. మామగారు రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. బండికీ బండికీ మధ్య కూర్చోవడమే ఆయన ఉద్యోగం. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడంటే మళ్లీ భోజనానికే లేచేది.

"మామయ్యా, మీకు విసుగెయ్యదా?"

"దేనికి?"

"ఊరికే కూర్చోడానికి."

"ఊరికే ఎక్కడ కూర్చున్నాను అల్లుడూ? చూస్తున్నాను."

"ఏం చూస్తున్నారు?"

"ఏమీ రాకపోవడం చూస్తున్నాను. మా ఉద్యోగంలో అది మంచి వార్త."

బొంగరం మూడు గదుల ఇంట్లో గానుగెద్దులా తిరిగేవాడు. వంటింట్లోంచి వరండాకి, వరండాలోంచి పడకగదికి. కిటికీ రెక్క కిర్రుమంటే నూనె వేశాడు. బల్ల కోడు ఊగుతుంటే మేకు కొట్టబోయి, కోసుకోకూడదన్నారని గుర్తొచ్చి సుత్తి పక్కన పెట్టాడు. కాసేపటికి మళ్లీ తీశాడు. రక్తపరీక్ష రోజు వచ్చేదాకా ఒక బాధ, ఫలితం వచ్చేదాకా ఇంకో బాధ. ఫోన్ మోగితే రెండో మోతకి ముందే ఎత్తేవాడు. "పడిపోలేదు, పెరగనూ లేదు" అని వస్తే, పడిపోతేనే నయం, ఏదో ఒకటి తేలిపోయేది అనిపించేది. ఆ ఆలోచనకి తనే భయపడేవాడు. తన ఒంట్లోనే, తన ఎముకల్లోనే ఏదో జరుగుతోంది. తనకి కనపడదు, వినపడదు, సాయం చెయ్యడానికి చెయ్యి దూరదు. ఇన్నేళ్లూ ఇనుము లోపలేముందో చూసి చెప్పినవాడికి తన లోపల ఏముందో తెలీడం లేదు.

ఒకరోజు వంటింటి కుళాయి కారుతోందని పైపు విప్పాడు. రేకు అంచు బొటనవేలికి గీసుకుంది. చిన్న గీతే. మామూలు మనిషైతే నోట్లో పెట్టుకుని మర్చిపోయేవాడు. కానీ రక్తం ఆగలేదు. తువ్వాలు తడిసింది, రెండో తువ్వాలు తడిసింది. బొంగరం మొహం పాలిపోయి వంటింటి గోడకి చేరబడి కూర్చున్నాడు.

మామగారు కుర్చీలోంచి లేచి వచ్చాడు. అరవలేదు, కంగారు పడలేదు. కింద చతికిలబడి, అల్లుడి బొటనవేలిని గుప్పిట్లో బిగించి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. రెండో చేత్తో కూతురికి ఫోన్ చేశాడు. బస్సు నడుపుతూ ఆవిడ ఎత్తకపోయేసరికి, ఆసుపత్రి బండికి చేశాడు. బండి వచ్చేదాకా ఆ పిడికిలి సడలలేదు. ముసలాయన చేతిలో అంత బలం ఉందని బొంగరానికి ఆ రోజే తెలిసింది.

"మూలిగే నక్క మీద తాటిపండు పడడం అంటే ఇదే మామయ్యా" అన్నాడు నీరసంగా.

"పండు దాని మీద పడలేదు అల్లుడూ. నక్కే చెట్టెక్కి తెంపుకుంది" అన్నాడాయన. నవ్వలేదు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

ఆసుపత్రిలో గడ్డకట్టే కణాలు ఎక్కించాక రక్తం ఆగింది. భార్య యూనిఫాంలోనే పరుగున వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచి, మంచం మీద అతన్ని చూసి, నోరు మూసుకుంది. అతనికి తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత రెండు పరీక్షల్లో చిన్న మార్పు కనిపించింది. అప్పుడే పుట్టిన ఎర్రకణాలు కొన్ని రక్తంలో కనపడ్డాయని డాక్టరు ఫోన్‌లో చెప్పింది. "సంబరపడకండి. కానీ ఎవరో లేచినట్టున్నారు" అంది.

* * *

సరిగ్గా ఆ సమయంలో, ఒక మధ్యాహ్నం, మేనేజరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. భార్యకి ఆ రోజు సెలవు. గింజ మళ్లీ ఇరుక్కుందట. క్రేను కొక్కెం ఊగి ట్యూబు మీద పడిందట. ఇలాంటి వాటికోసమే ఉన్న బృందం రావాలంటే చాలా దూరం నుంచి రావాలి. పక్క షెడ్డులో పని ఆగిపోయింది.

"నిన్ను లోపలికి పొమ్మనట్లేదయ్యా. ఊరికే వచ్చి, హద్దుకి కట్టిన తాడు బయట నిలబడి, గోడకి రెండు మాటలు చెప్పు. వాడికి నీ అంత చురుకు లేదు, తెలుసుగా."

బొంగరం అప్పటికే ఒక కాలు చెప్పులో పెట్టాడు.

భార్య అతని మొహం చూసింది. ఎక్కడికని అడగలేదు. "నేను వద్దంటే ఆగుతావా?"

"అక్కడ గోడ ఉన్నాడు. వాడొక్కడే."

"సరే. అయితే బండి నేను నడుపుతాను" అంది తాళాలు తీసుకుంటూ. మామగారు కిటికీ దగ్గర్నుంచి, "మూతికి గుడ్డ కట్టుకో అల్లుడూ" అని మాత్రం అన్నాడు.

యార్డులో పైపుల వరసల మధ్య పసుపుపచ్చ తాడు కట్టి ఉంది. బొంగరం మొదట చేసిన పని, కిరణాలు కొలిచే మీటరు చేతికి తీసుకుని, ఆ తాడుని ఇంకా చాలా వెనక్కి జరిపించడం. మేనేజరు ఏదో అనబోయి, తాడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ బస్సు డ్రైవరమ్మని చూసి మానుకున్నాడు.

గోడ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఆ పెద్దమొహం చెమటతో నిగనిగలాడుతోంది. "నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు.

"నువ్వెలా చేద్దామనుకుంటున్నావు?"

"నువ్వు చేసినట్టే. పరిగెత్తి."

బొంగరం గోడ కాళ్ల వంక చూశాడు. ఆ కాళ్లు బస్సు అందుకోడానికి కూడా పరిగెత్తిన పాపాన పోలేదు. "వద్దు" అన్నాడు. "ఈసారి పరిగెత్తేది లేదు. మెల్లగా చేద్దాం."

ఆ మాట తన నోట్లోంచి రావడం అతనికే కొత్తగా ఉంది.

ముందు సీసపు గుండ్లు నింపిన సంచులు తెప్పించాడు. పొడుగాటి గడల చివర వాటిని తగిలించి, పైపుల చాటునుంచి ఒక్కొక్కటే గింజ ఉన్నచోట కప్పాలి. అలా కప్పితే కిరణాలు చాలావరకు సంచుల్లోనే ఆగిపోతాయి. ఆ తర్వాతే ఎవరైనా దగ్గరికి వెళ్లి అణిగిన చోటు సరిచెయ్యాలి. ఆ పని శిక్షణ ఉన్న నలుగురు పంచుకోవాలి. ఒక్కొక్కరు ఒక్క పనే చేసి వెనక్కి రావాలి. వెళ్లేముందు, షెడ్డు అవతల ఒక పాత ట్యూబు మీద కొక్కెం పెట్టి, నలుగురిచేత ఆ నాటకం ఆడించాడు. ఒకసారి కాదు, చేతులు వాటంతట అవి కదిలేదాకా ఆడించాడు.

"ఇలా అయితే పొద్దుపోతుంది" అన్నాడు మేనేజరు.

"పోనివ్వండి" అన్నాడు బొంగరం.

అసలు పని మొదలయ్యాక అతని ప్రాణం అతని దగ్గర లేదు. తాడు బయట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పచార్లు చేస్తున్నాడు. అరచేతులు దురద పెడుతున్నాయి. మొదటివాడు వేసిన సంచి సరిగ్గా పడింది. వాడే వేసిన రెండోదీ పడింది. మూడోది గోడ వంతు. పైపుల చాటునుంచి గడ చాపాడు. సంచి గడ చివరి నుంచి జారి, గింజకి మూరెడు ఇవతల పడి, ముందు పెట్టిన సంచిని కూడా పక్కకి నెట్టేసింది. బొంగరం చేతిలో మీటరు ఒక్కసారిగా గీపెట్టింది.

అందరి చూపులూ ఒక్కసారి అతని మీదకి తిరిగాయి. అతను వెళ్తే ఎంతసేపు? వెళ్లడం, సంచి ఎత్తి పెట్టడం, రావడం. ఆ దారి అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. తనకి తెలియకుండానే తాడు ఎత్తి, తల వంచి, లోపలికి అడుగు పెట్టాడు. వెనకనుంచి భార్య చొక్కా పట్టుకుంది. గుడ్డ పిగిలిన చప్పుడైంది.

అప్పుడు పైపుల చాటునుంచి ఒక కేక వినపడింది. ఆ గొంతు అంత బిగ్గరగా ఆ యార్డులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఒరే! ఇంకొక్క అడుగు వేశావంటే నేను ఈ చాటులోంచి బయటికొచ్చి ఆ గింజ పక్కన నిలబడతాను! ఒట్టు!"

బొంగరం ఆగిపోయాడు.

"మూడుసార్లు నువ్వు పోతుంటే హ్యాండిల్ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను" అని అరుస్తున్నాడు గోడ. "మూడుసార్లూ 'నేను పోతాలే' అందామనుకున్నాను. నా నోరు పెగల్లేదు. నీ ఎముకలు నేనే తిన్నట్టుందిరా నాకు. తాడు బయటికి పో! పోయి, ఏం చెయ్యాలో నోటితో చెప్పు!"

బొంగరానికి ఒళ్లంతా పరిగెత్తమంటోంది. కాళ్ల పిక్కలు బిగుసుకున్నాయి. ఒక్క క్షణం గోడ ఉన్నవైపు, ఒక్క క్షణం గింజ ఉన్నవైపు చూశాడు. గోడ అన్నంత పనీ చేస్తాడు. మాటలు తక్కువున్నవాడు ఊరికే ఒట్టు పెట్టడు. వెనక్కి అడుగేసి తాడు బయటికొచ్చాడు. భార్య చొక్కా వదల్లేదు.

"ముందు నువ్వూ వెనక్కి రా" అని అరిచాడు. "నీ వంతు అయిపోయింది. గడ కింద పెట్టి, తిన్నగా నడిచి రా. తర్వాతివాడు పోతాడు."

గోడ వెనక్కి వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడోవాడు వెళ్లి పొడుగాటి పట్టకారుతో సంచి జరిపాడు. మీటరు నెమ్మదించింది. నాలుగోవాడు సంచుల చాటున కూర్చుని, అణిగిన ట్యూబు మీద దెబ్బ వేశాడు. చాలలేదు. వెనక్కి పిలిచి, మీటరు చూసి, లెక్కలు వేసి, ఇంకో దెబ్బ వెయ్యడానికి మొదటివాణ్ని మళ్లీ పంపారు. హ్యాండిల్ గోడే తిప్పాడు. గింజ కాస్త కదిలి, ఆగి, మళ్లీ కదిలి, చివరికి పెట్టెలోకి వెళ్లింది. అప్పటికి షెడ్ల నీడలు రోడ్డు దాకా పాకాయి. ఎవరికీ తగలకూడనంత తగల్లేదు.

మేనేజరు దగ్గరికి వచ్చి, "అయితే ఇలా కూడా అవుతుందన్నమాట" అన్నాడు.

"మొదటిసారే అయ్యుండేది" అంది బొంగరం భార్య. ఆ మనిషి తన బూట్ల వంక చూసుకుంటూ వెళ్లిపోయాడు.

* * *

కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. తాడు బయట ఉన్నవాడికి కిరణాలు తగల్లేదు గానీ, అంతమంది మధ్య తిరిగినందుకు ఇంకేదో తగిలింది. ఆ వారంలోనే జ్వరం వచ్చింది. తెల్లకణాలు లేని ఒంటికి జ్వరం అంటే తలుపుల్లేని ఇంటికి దొంగ. ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. లోపలికి వచ్చేవాళ్లు కళ్లు తప్ప ఏమీ కనిపించకుండా కప్పుకుని రావాలి.

ఆ గదిలో అతను మంచానికి అతుక్కుపోయాడు. కాలు ఊగడం కూడా ఆగిపోయింది. అద్దం అవతల నిలబడ్డ భార్యకి అదే అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. "కాలు కదిలించు" అని అద్దం మీద వేలితో కొట్టి చెప్పేది. అతను వినిపించుకునే స్థితిలో లేడు. ఒళ్లు కాలిపోతుంటే, యార్డు పైపుల్లో పరిగెడుతున్నట్టు, పైపు చివర మరో పైపు, దాని చివర ఇంకో పైపు ఉన్నట్టు కలవరించేవాడు. అక్క పెట్టె సర్దుకుని వచ్చేసింది. రేపోమాపో తన మూలుగ తీస్తారని ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుంది. గోడ రోజూ డ్యూటీ దిగి వచ్చి, ఆవిడ పక్కన రెండు మెట్లు కింద కూర్చుని, కాసేపుండి వెళ్లిపోయేవాడు.

డాక్టరు తొందరపడలేదు. మందులు మార్చింది. "ఇంకొంచెం చూద్దాం" అంది. ఆ మాటకి అక్క ఆవిడ మీద విరుచుకుపడింది. "మీరు చూస్తూ కూర్చోండి, వాడు పోతాడు!" డాక్టరు ఆవిడ భుజం మీద చెయ్యేసి, "మీ మూలుగ ఎక్కించాలంటే ముందు ఆయన సొంతది పూర్తిగా చంపెయ్యాలమ్మా. అది లేస్తున్నట్టుంది. లేస్తున్నదాన్ని చంపలేను" అంది.

జ్వరం ఒక పొద్దున తగ్గింది. ఆ రోజు రక్తంలో తెల్లకణాలు కొద్దిగా కనిపించాయి. మర్నాడు ఇంకొంచెం. ఇంజెక్షన్లు ఆపి చూశారు. పడిపోలేదు. గడ్డకట్టే కణాలు అన్నిటికన్నా బద్ధకంగా, ఆఖరున కదిలాయి. భార్య అద్దం అవతల నిలబడి ఉండగా దుప్పటి కింద ఏదో కదిలింది. అతని కుడికాలు. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మూలుగ ఇవ్వడానికి వచ్చిన అక్క, ఇవ్వకుండానే వెనక్కి వెళ్తూ, "అయితే నా కోపం రాలేదన్నమాట నీకు. పోనీలే, నాకే ఉండనీ" అంది.

మళ్లీ మూలుగ తీసి చూసినప్పుడు డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పింది. రక్తం మామూలు స్థాయికి వస్తోంది. కానీ ఈసారి ఆవిడ మామూలే అని రాసి చేతులు దులుపుకోదు. లేచిన తల్లులు కొన్నే. ఆ కొన్నే ఇప్పుడు ఒళ్లంతటికీ రక్తం పోస్తున్నాయి. వాటిలో ఏదైనా దెబ్బతిని, తప్పుదారి పట్టే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. అందుకే ప్రతి ఏడాదీ చూసుకోవాలి. చూసుకుంటూ ఉంటే చాలాకాలం బాగుండవచ్చు. ఉండకపోవచ్చు.

"అంటే బాగైందా లేదా?" అన్నాడు బొంగరం.

"కోలుకుంది. మునుపటిలా కాలేదు. రెండూ నిజమే."

అతను ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి చాలాకాలం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా ఒకవైపు గుచ్చుకునేది.

గింజ పని శాశ్వతంగా మానేశాడు. ఇనుము లోపల పగుళ్లని శబ్దంతో కనిపెట్టే పద్ధతి ఒకటుంది. అతుకు మీద జిగురులాంటిది పూసి, చిన్న పరికరాన్ని అంగుళం అంగుళం జరుపుతూ, తెర మీద గీతలు చూడాలి. కిరణాలు ఉండవు, తాడు అక్కర్లేదు. కానీ నత్తలా జరగాలి. దానికి సర్టిఫికెట్టు కావాలి. ఆ పరీక్షలో మొదటిసారి తప్పాడు, తొందరపడి పరికరం జారవిడిచినందుకు. రెండోసారి కట్టాడు, పాసయ్యాడు. వేరే కంపెనీలో చేరాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇదీ ఒక పనేనా మామయ్యా, చీమ కూడా నన్ను దాటి వెళ్లిపోతోంది" అని గొణిగేవాడు. యార్డులో అధికారులొచ్చి చాలా ప్రశ్నలు అడిగారు. మేనేజరుని మార్చారు. గోడ అక్కడే ఉన్నాడు. సెలవు రోజున బొంగరం ఇంటికి వచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు కాస్త మాట్లాడతాడు. ఒకోసారి వద్దన్నా ఆపడు.

ఏడాది తిరిగి పరీక్ష రోజు వచ్చేసరికి మాత్రం బొంగరానికి నిద్ర పట్టదు, తిండి సహించదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూర్చుంటే కాలు ఊగుతుంది, కుర్చీ ఊగుతుంది, కలిపి బిగించిన కుర్చీలు గనక ఆ వరసంతా ఊగుతుంది. ఈసారి పక్కనున్న పెద్దాయన, "బాబూ, కాస్త ఆపుతావా, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు.

"ప్రయత్నిస్తానండీ" అన్నాడు బొంగరం. లేచి నిలబడి, కిటికీ దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ కిటికీ దాకా వెళ్లాడు. లోపల్నుంచి నర్సు అతని పేరు పిలిచింది. యార్డు పేరు కాదు, అసలు పేరు. తనది కాదేమోనన్నట్టు ఒక్క క్షణం నిలబడి, తర్వాత గబగబా లోపలికి నడిచాడు.